అత్త వాటా బామ్ సీసా

మా మేనత్త పోయింది. పోయిన సోమవారం పొద్దున కోరుట్లలో, తన ఇంటి వాకిట్లో గోడకానుకొని బీడీలు చుడుతూ చుడుతూ, ఒళ్లో ఉన్న చాట మీదికే ఒరిగిందట. పక్కింటివాళ్లు చూసేసరికి వేళ్ల మధ్య తునికాకు అట్లాగే ఉందట. ఆమె బిడ్డ సారంగాపూర్ నుంచి ఫోన్ చేసి, "వదినా, అవ్వ పోయిందే" అంది. నేనప్పుడు సిరిసిల్లలో చొక్కాలు కుట్టే షెడ్డులో మిషన్ మీద ఉన్నాను. సగం అతికిన చొక్కా చెయ్యి సూది కిందే వదిలేసి లేచాను. సూపర్‌వైజర్ ఏదో అడిగాడు, ఏదో చెప్పాను. వేములవాడ మీదుగా పోయే బస్సెక్కి కూర్చున్నాక చూసుకుంటే కాళ్లకు చెప్పులు లేవు.

ఇది చదివేవాళ్లకు ముందే ఒక మాట చెప్పాలి. పోయినవాళ్ల గురించి నెమ్మదిగా, కుదురుగా రాయాలంటారు. నాకు అంత కుదురు లేదు. ఆమె పోయినప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోయాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. దుఃఖం ఒక్కటే అయితే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. దాని వెనక ఇంకొకటి ఉంది. అందుకే రాస్తున్నాను. పేర్లు మార్చాను. అత్త పేరు మాత్రం అసలే రాయను. వాడలో సగం మందికి ఆమె పేరు తెలియదు కూడా. అందరికీ ఆమె గోలీలత్త.

నేను కోరుట్ల చేరేసరికి ఆమెను అరుగు మీద పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్లు. అందులో రజిత అనే పిల్ల నా పక్కకొచ్చి కూర్చుంది. మూడిళ్ల అవతల ఇల్లు, ఇద్దరు ఆడపిల్లల తల్లి. కొంగు నోటికడ్డం పెట్టుకొని ఏడుస్తోంది. అందరూ ఏడుస్తున్నారు కదా, నేనేం పట్టించుకోలేదు. కాసేపటికి ఆ ఏడుపులోనే నా చెవి దగ్గర మెల్లగా అంది.

"అక్కా, అత్త నా సామాను గురించి నీకేమన్న చెప్పిందా?"

"ఏం సామానే?"

"గోలీలు. నా తాన ఉన్నయి అయిపోవస్తున్నయి. మా ఆయన అచ్చిండు దుబాయ్ నుంచి. ఇంకో నెల ఉంటడు. అత్త తెచ్చిస్త అన్నది."

అని మళ్లీ గట్టిగా ఏడ్చింది. పక్కనున్న ముసలమ్మ ఆమె వీపు నిమిరి, "ఊకో బిడ్డా, ఎంత పావురముండెనో నీకు" అంది. పావురం, అంటే ప్రేమ, ఉంది. భయమూ ఉంది. ఆ భయమేమిటో నాకు తెలుసు. రెండో కాన్పులో రజితకు రక్తం ఆగలేదు. కరీంనగర్ తీసుకుపోతుంటే దారిలోనే పోతుందనుకున్నారు. బతికించిన డాక్టరమ్మ, కొన్నేళ్లపాటు మళ్లీ కడుపు రావద్దు, వస్తే నా చేతుల్లో ఉండదు అని చెప్పి పంపింది. ఆ మాట మొగుడికి ఫోన్లో చెబితే, డాక్టర్లు గట్లనే బెదిరిస్తరు అన్నాడట. ఆమె అత్తగారు లచ్చవ్వయితే నల్లా దగ్గర నలుగురిలో, "ఈపాలి నా కొడుకు మనుమణ్ని ఇచ్చే పోతడు" అని చెప్పుకొని తిరిగింది. రజితకు ఆ ఇంట్లో ఎదురు మాట్లాడే ధైర్యం లేదు. వాడలో ఉన్న ఆశా వర్కర్ వరసకు ఆమె ఆడబిడ్డ. మందుల షాపతను మొగుడి దోస్తు. ఇక మిగిలింది గోలీలత్తే. ఆమేమో అరుగు మీద కళ్లు మూసుకొని ఉంది.

మా దిక్కు ఊళ్ల సంగతి తెలియనివాళ్లకు అత్త చేసే పని తిన్నగా చెప్పాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పక్క ఊళ్లలో మొగవాళ్లు గల్ఫ్‌లో, ఆడవాళ్లు బీడీల చాట ముందు. మగ్గాలు సాగక కొందరు, బోర్లు ఎండి కొందరు పోయారు. రెండు మూడేళ్లకోసారి సెలవు మీద వస్తారు. వచ్చిన మర్నాడు పెట్టెలు విప్పి ఇంటి చుట్టుపక్కలవాళ్లకు తలా ఇంత పంచుతారు. బిస్కెట్లు, సబ్బు, అత్తరు, నొప్పుల నూనె, పులిబొమ్మ ఉన్న బామ్ సీసా. ఎవరింటికి మనిషి వచ్చాడని తెలిసినా పోయి, "నా వాటా ఏది?" అని అడగవచ్చు. అడిగితే ఎవరూ తప్పనుకోరు. అడగకపోతేనే, ఏం కోపమో అనుకుంటారు.

అత్త ఆ వాటా కోసం పోయేది. గల్ఫ్ నుంచి వచ్చిన ఎవరినైనా ఎగతాళిగా షేక్ అంటూ వాకిట్లోంచే కేకేసేది. "ఏమోయ్ షేకూ, నా బామ్ తెచ్చినవా, మర్చి అచ్చినవా?" అతను నవ్వుతూ లోపలికి పోయి పెట్టె వెతికేలోపు ఆమె తిన్నగా అతని భార్య దగ్గరికి వెళ్లి కూర్చునేది. మొగుడు సెలవులో ఉన్నన్ని రోజులు ఆడవాళ్లు బీడీల కార్ఖానాకు పోరు. చుట్టడం మాత్రం ఇంట్లో మామూలే. ఒళ్లో చాట, చాటలో తునికాకు. అత్త ఆకు నాణ్యం చూస్తున్నట్టు చెయ్యి పెట్టి, "గీ ఆకేందే గింత గరుకున్నది" అంటూ కడుపు రాకుండా వేసుకునే గోలీల పొట్లం ఆకు కింద పెట్టేది. చాట మొగవాళ్లు ముట్టరు. పొట్లానికి అంతకన్నా భద్రమైన చోటు ఆ ఇంట్లో ఇంకోటి లేదు.

బామ్ మాత్రం నిజంగానే ఇష్టం ఆమెకు. కణతలకు, మోకాళ్లకు, ఒక్కోసారి ముక్కు కింద కూడా రాసుకునేది. సందు మలుపు తిరక్కముందే ఆమె వస్తోందని వాసన చెప్పేది. నేనెప్పుడైనా, "అత్తా, గదేం కంపే" అంటే, "కంపనకు. దుబాయ్ అత్తరు కంటె నయం. అది రాసుకుంటే మొగోడు అస్తడు, ఇది రాసుకుంటే నిద్ర అస్తది" అనేది. ఇట్లాంటి మాటలన్నీ పెద్దగొంతుతోనే. పక్కన మామలున్నారా, పూజారి పోతున్నాడా, చూసుకునేది కాదు. ఎవరైనా చురచుర చూస్తే "ఖల్లివల్లి" అని చెయ్యి ఊపేది. గల్ఫ్ నుంచి మావాళ్లు తెచ్చిన మాట అది. పోనీ, వదిలెయ్ అని. షార్జాలో తాపీపని చేసి నడుం విరిగి వచ్చి, కొన్నేళ్లకు పోయిన మా మామ ఆమెకు మిగిల్చిన ఆస్తి ఆ ఒక్క మాటే అని తనే చెప్పి నవ్వేది.

ఒకసారి పొట్లం తప్పు చాటలో పడింది. ఈ సంగతి చెప్పేటప్పుడు అత్త నవ్వలేక పొట్ట పట్టుకునేది. వాళ్ల వాడలోనే ఒక ఇంట్లో తండ్రీకొడుకులిద్దరూ ఒకే విమానంలో సెలవుకు వచ్చారు. అత్తాకోడళ్లిద్దరూ పక్కపక్కన కూర్చొని చుడుతున్నారు. కోడలు నీళ్లు తేవడానికి లేచింది. ఎండలోంచి వచ్చిన మా అత్తకు ఏ చాట ఎవరిదో సరిగ్గా ఆనలేదు. పొట్లం అత్తగారి చాటలో పడింది. బయటికొచ్చి, కోడలు కళ్లతో సైగ చేసేదాకా ఆమెకు తెలియలేదు.

"ఇగ నా పని అయిపాయె అనుకున్న బిడ్డా. ఆ ముసల్ది నోరు పెడితె కోరుట్ల మొత్తం ఇనవడ్తది. ఆ కోడలు పోరిని ఏం జేస్తదో అని బుక్క ముట్టలే నేను. ఇయ్యాల అస్తది కొట్లాటకు, రేపు అస్తది అని తలుపు దిక్కు సూసుడే."

"ముసలిదా అత్తా?"

"ఏం ముసల్ది, నలభై గూడ లేవు. అత్త అయింది గనుక ముసల్దన్న. సూస్తె ఏమన్నది లేదు, ఉలుకు లేదు పలుకు లేదు. మొగోళ్లు మళ్ల విమానమెక్కిన్రు. గప్పుడు అచ్చింది నా ఇంటికి. కూసున్నది. చాయ్ తాగింది. కొంగు నులుముకుంట, అక్కా, గవ్వి అయిపోయినయ్, మల్లొచ్చేవారకు ఇంకిన్ని తెచ్చి పెడ్తవా, అన్నది!"

కోడలు పక్కన మనుమణ్ని ఆడించాల్సిన వయసులో తనకు కడుపొస్తే ఊళ్లో తలెత్తుకోలేనని ఆమె ప్రతి సెలవుకూ భయపడుతూనే ఉందట. ఎవర్ని అడగాలో తెలియక ఊరుకుందట. "ఎవలు?" అని నేను ఎంత గుచ్చి అడిగినా అత్త ఆ ఇంటి పేరు చెప్పలేదు. "పేరు చెప్పినంక నేను గోలీలత్తను ఎట్లయిత? ఖల్లివల్లి" అనేసింది. ఆ తర్వాత మాత్రం చాటలో చెయ్యి పెట్టే ముందు, "గిది ఎవలిదే?" అని అడగడం అలవాటు చేసుకుంది.

ఆమె ఈ పనిలోకి ఎట్లా వచ్చిందో చెప్పకపోతే ఈ నవ్వులన్నీ అబద్ధమవుతాయి. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆమెను ఆపరేషన్ క్యాంపుకు తోలుకుపోయారు. ఊరూరా ఇన్ని ఆపరేషన్లు కావాలని పైనుంచి ఒత్తిడి ఉండే కాలం. జనాలు ఎక్కువైపోతున్నారని ఎక్కడెక్కడి దేశాలవాళ్లకో దిగులు. ఆ దిగులు దిగి దిగి తంగళ్ళపల్లి పక్క ఒక బడి గదిలో నేల మీద పరిచిన చాప దాకా వచ్చింది. మామ ఊళ్లో లేడు. అత్తగారు వేలిముద్ర వేయమంటే వేసింది. కొన్ని నెలలకు చిన్నవాడు జ్వరమొచ్చి పోయాడు. మళ్లీ కందామంటే ఇంకేముంది.

ఆ పిల్లవాడి గురించి ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. చింతచిగురు అంటే వాడికి ఇష్టమని ఒక్కసారి అంది, అంతే. ఆపరేషన్ గురించి మాత్రం మాట్లాడేది. "కోసుడు తప్పని నేననను బిడ్డా. మస్తు మంది అడిగి చేయించుకున్నరు, సుఖంగ ఉన్నరు. నన్ను అడగలే. గదొక్కటే నాకు ఇప్పటికి మండుతది. అడిగితె నేను గూడ సరే అందునేమో. అడగాలె గద?"

ఆమె ముఖంలో ఆ మంట నేను చూశాను. చల్లారేది కాదు అది. చల్లారితే ఆమె ఇంట్లో కూర్చునేదేమో.

తర్వాత కోరుట్లలో ఒక సంస్థ వచ్చింది. అద్దె ఇంట్లో చిన్న క్లినిక్, వారానికి రెండుసార్లు డాక్టరమ్మ. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లతో మాట్లాడే మనిషి కావాలంటే అత్త చేరింది. డబ్బులు విదేశాల నుంచి వస్తాయని అందరికీ తెలుసు. ఒకసారి తెల్లతోలు దొరసాని కూడా వచ్చి చాట ముందు కూర్చొని బీడీ చుట్టబోయి, ఆకు చించి నవ్వింది. ఆ రోజుల్లో అత్త బాగుండేది. గోలీలు ఇచ్చేది, సూదులకు తీసుకుపోయేది, అవసరమై కడుపు తీయించుకోవాలనుకున్నవాళ్లకు తోడుగా జగిత్యాల పెద్దదవాఖానకు పోయి బల్ల మీద కూర్చునేది. మన చట్టంలో అది తప్పు కాదని ఆ సంస్థవాళ్లే ఆమెకు నేర్పారు.

కొన్నేళ్లకు వాళ్లే దాన్ని మర్చిపొమ్మన్నారు. హైదరాబాద్ నుంచి ఒక చిన్న వయసు మేడం వచ్చి అందర్నీ కూర్చోబెట్టింది. ఆ మీటింగ్ సంగతి అత్త నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ప్రతిసారీ గొంతు లేచేది.

"ఇక నుంచి మన దగ్గరికి వచ్చేవాళ్లతో అబార్షన్ అనే మాట ఎత్తొద్దు. ఎక్కడ చేస్తారని అడిగినా చెప్పొద్దు" అందట మేడం.

"ఎందుకు మేడం? మన సర్కారు వద్దన్నదా?"

"మన సర్కారు కాదమ్మా. డబ్బులిచ్చే దేశంలో ప్రభుత్వం మారింది. ఇది వాళ్ల షరతు."

"ఆళ్లకు కోరుట్ల ఏడున్నదో ఎరుకేనా?"

మేడం తల దించుకుందట. "నాకూ నచ్చలేదమ్మా. కానీ వినకపోతే మొత్తం క్లినిక్కే మూసేయాల్సి వస్తుంది."

"గిప్పుడు ఒక పోరి నా ముంగట ఏడ్చుకుంట నిలవడ్డదనుకో. నేనేం జెయ్యాలె? మొకం అటు తిప్పుకోవాల్నా?"

అత్త మెడలో వేసుకున్న సంస్థ బిళ్ల తీసి బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఆ తర్వాత రెండేళ్లు కూడా నడవలేదు ఆ క్లినిక్. షరతు ఒప్పుకున్నా డబ్బు ఆగిపోయింది. మరో దేశంలో మరో లెక్క మారిందేమో, మాకెవరూ చెప్పలేదు. ఇప్పుడా ఇంట్లో సెల్‌ఫోన్ల రిపేరు షాపుంది.

"ఒకప్పుడు రమ్మని రమ్మని కోసిన్రు. ఇప్పుడు మాట గూడ అనద్దన్నరు" అనేది అత్త. "గా దేశపోళ్లు ఈ దేశపోళ్లు అందరు మాట్లాడుకున్నరు. నడుమ ఆడిదాన్ని అడిగినోడే లేకపాయె." పని మాత్రం ఆపలేదు. సర్కారు దవాఖాన నర్సమ్మతో స్నేహం చేసుకుంది. అక్కడ ఇచ్చే గోలీలు తెచ్చి, ఎప్పటిలాగే బామ్ కోసం ఇళ్లకు పోయేది. జీతం లేదు, బిళ్ల లేదు. వాటా అడిగే హక్కు మాత్రం వాడలో ఎవరూ తీసెయ్యలేరు కదా.

ఇక నా సంగతి. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయిన కాలం. మా ఆయన భివండి పోయి, అక్కడా పని లేక తిరిగొచ్చి, పగలంతా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. వాడలో అప్పటికే ఉరి వేసుకున్న ఇళ్లున్నాయి. ఆయన లేచి వెనక గదిలోకి పోతే చాలు, నేను ఏదో పని ఉన్నట్టు వెనకే పోయేదాన్ని. అప్పుడు జగిత్యాల ఏజెంటొకడు నాకు మస్కట్‌లో పని చూశాడు. ఒక ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకోవాలి. అన్నీ కుదిరాయి. మెడికల్ ఒక్కటే మిగిలింది. అందులో కడుపుతో ఉన్నట్టు తేలితే పంపరు. ఆ నెల నాకు నెల తప్పింది.

ఎవరో పిల్లల్ని ఎత్తుకోవడానికి నా కడుపు ఖాళీగా ఉండాలి! ఇప్పుడు రాస్తుంటే ఒళ్లు మండుతోంది గానీ అప్పుడు అంత ఆలోచన లేదు. ఏజెంటు, "తీయించుకొని రా, ఎంతసేపు పని" అన్నాడు. మా ఆయన తల్లి, "గిదొక్కటి అడ్డం వడ్డది, తీయించుకుంటె అందరం బతుకుతం" అంది. ఆమెను అనడానికి లేదు, ఆమె కళ్ల ముందు ఆమె కొడుకు గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. ఆయన ఏమీ అనలేదు. నేను బస్సెక్కి కోరుట్ల వచ్చాను. గోలీలత్త ఉంది, తోలుకుపోతుంది, పనైపోతుంది అనుకున్నాను.

అత్త విన్నది. విని, చాట పక్కన పెట్టింది. చాట పక్కన పెట్టడమంటే మా ఇళ్లలో చిన్న సంగతి కాదు.

"ఏజెంటు మాట ఇన్న. మీ అత్త మాట ఇన్న. నీకేం గావాలె?"

"గదేందత్తా, అందరు..."

"అందరి ముచ్చట అడగలే. నీకేం గావాల్నో నువ్వు చెప్పు. తీయించుకుంట అంటవా, ఇప్పుడే చెప్పులేసుకుంట, జగిత్యాల పోదాం, నీ పక్కనే కూసుంట. ఉంచుకుంట అంటవా, మీ ఇంటికచ్చి నేను మాట్లాడుత. రెండిట్ల ఏదైనా నాకు ఒకటే. నువ్వు చెప్పాలె."

అంతదాకా నన్ను ఎవరూ అడగలేదు. నేను కూడా నన్ను అడగలేదు. ఆమె తొందరపెట్టలేదు. ఆకు తడిపింది, చాయ్ పెట్టింది, కోళ్లను కసిరింది. అదే వారం ఇద్దరికి తోడుగా జగిత్యాల పోయి వచ్చిన మనిషి ఆమె, ఒకామె పెళ్లి కాని పిల్ల. వాళ్లనూ ఇదే అడిగిందట. పొద్దు వాలేముందు నేను, "ఉంచుకుంట అత్తా" అని ఏడ్చాను. "సరే తియ్యి. ఏడుపెందుకు, చెప్పినవు గద" అంది.

మర్నాడు నాతో సిరిసిల్ల వచ్చింది. మా ఆయన పక్కన నేల మీద కూర్చొని, గోడ వైపు తిరిగిన అతని వీపుతోనే చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు వినబడలేదు, నేను పొయ్యి దగ్గరున్నాను. సాయంత్రానికి అతను లేచి స్నానం చేశాడు. మస్కట్ వీసా ఇంకొకరికి పోయింది. కష్టం తగ్గిందని చెప్పను. చాన్నాళ్లు గంజితోనే నడిచింది. కానీ నేను చెప్పిన మాట మీద నడిచింది. ఆ బిడ్డ ఇప్పుడు జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది. గోలీలత్త పోయిందని ఫోన్లో చెబితే, "అమ్మా, బామ్ వాసన అస్తాందే ఈడ" అని ఏడ్చింది.

ఇదంతా గుర్తొస్తూ, ఆ చావింట్లో నేను అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. మూడో రోజు అత్త గోలీల సంచి కొయ్యకు వేలాడుతుంటే తీసి చూశాను. లోపల నర్సమ్మ దగ్గర తెచ్చినవి కొన్ని ఉన్నాయి. ఒకటి మాత్రం పేపర్లో చుట్టి, బీడీల దారంతో కట్టి, ఇవ్వడానికి తయారుగా ఉంది. అది ఎవరిదో నేను వేరే అడగక్కర్లేదు.

నర్సమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు చూపించాను. "రజితవే. తేప ఇడువద్దు. నడుమ నాగా వడితె లాభం లేదు" అంది. తనే ఇవ్వొచ్చు కదా అంటే, "నేను ఆ ఇంటి గడప తొక్కితె లచ్చవ్వ ముంగటనే అడుగుతది, ఎందుకచ్చినవని" అంది. అదీ నిజమే.

నేను పోదామంటే చావింటి మైల. దినాలు అయ్యేదాకా ఈ ఇంటివాళ్లు ఇంకో ఇంట్లో కాలు పెట్టకూడదు. అందులోనూ మనిషి దుబాయ్ నుంచి వచ్చిన ఇల్లు. బామ్ అడగడానికి పోతానని మా వదిన్ల ముందు అంటే వాళ్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "దినాలు అయినంక పోరాదే. గంత ఆగుత లేదా, బామ్ కోసం?" అంది ఒకామె. ఏం చెప్పను? దినాలు అయ్యేసరికి రజిత గోలీలు అయిపోతాయి. ఆమె రోజూ సాయంత్రం నీళ్ల బిందెతో మా ఇంటి ముందునుంచి పోయేది. నా వైపు చూసేది, ఏమీ అడిగేది కాదు. అట్లా చూసిన ప్రతిసారీ నాకు అత్త మీద కోపం వచ్చేది. ఇంత తొందరేమొచ్చింది నీకు? ఈ పిల్లను ఎవరికి అప్పజెప్పి పోయావు? పోయినవాళ్లను తిట్టకూడదంటారు. నేను తిట్టాను. ఆమె వింటే నవ్వేది.

ఆరో రోజు పొద్దున రజిత బిందె లేకుండా వచ్చి వాకిట్లో నిలబడింది. "అక్కా, ఇయ్యాల్టితోని అయిపోతయి" అని ఒక్క మాట అని వెళ్లిపోయింది. నేను ఇక ఆగలేదు. పొట్లం రవికెలో పెట్టుకున్నాను. గడప లోపలికి పోను, బయటే నిలబడతాను అనుకున్నాను. అత్త బామ్ సీసా ఒకటి తీసి కణతలకు రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో తెలియదు.

వాళ్ల గేటు దగ్గర నిలబడి కేకేయాలి. నాకు అత్త గొంతు లేదు. "ఏమోయ్ షేకూ" అని ఎట్లా అనను? రెండుసార్లు గొంతు సవరించుకొని, "అత్త వాటా బామ్ సీసా..." అన్నాను. అది నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను.

లచ్చవ్వ బయటికొచ్చింది. పొడుగ్గా, నెరుస్తున్న జుట్టుతో, నడుం మీద చెయ్యి పెట్టుకొని. వెనక వాకిట్లో రజిత చాట ముందు కూర్చొని ఉంది. చేతులు ఆగిపోయాయి. లోపలి నుంచి మొగుడు, "ఎవలే అవ్వా?" అన్నాడు.

"గోలీలక్క మేనకోడలు. బామ్ కోసం అచ్చింది" అంది లచ్చవ్వ, నా ముఖం మీంచి చూపు తీయకుండా.

"ఆమె సచ్చిపాయె గద, బామెందుకు?"

"సచ్చినా వాటా వాటానే. పెట్టెల చూడు, ఉంటది. బట్టల కింద ఉన్నదేమో, మంచిగ చూడు" అంది.

అతను లోపలికి పోయాడు. పెట్టె తెరిచిన చప్పుడు వినబడింది. లచ్చవ్వ గేటు తీయలేదు. "నువ్వు లోపటికి రావద్దు గద" అంది. నేను తలూపాను. ఇక అయిపోయింది, ఈమె సీసా తెచ్చి చేతిలో పెట్టి పంపేస్తుంది, పొట్లం నా దగ్గరే ఉండిపోతుంది అనుకున్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. వాకిట్లోకి పోయి రజిత ఒళ్లోంచి చాట ఎత్తింది. లచ్చవ్వ ఆ చాట రెండు చేతులతో పట్టుకొని, ఆకులు కింద పడకుండా నెమ్మదిగా నడుచుకుంటూ గేటు దాకా వచ్చింది. గేటు పైనుంచి నా వైపు చాపింది.

"అప్పుడు మీ అత్తకు ఎండల కండ్లు ఆనలే, నా చాటల ఏసింది" అంది గొంతు తగ్గించి. "గిది నా కోడలిదే. తప్పు పోదు, ఎయ్యి."

అని బొటనవేలితో ఆకులు కొంచెం పక్కకు జరిపి, చాట అట్లాగే పట్టుకొని నిలబడింది.